బెంగళూరుకు కొత్తగా వచ్చారా? కారు కొనే ముందు టేపు పట్టుకోండి

ఉద్యోగం మీద బెంగళూరు వచ్చిన మనవాళ్లు ఇల్లు కుదిరిన నెలలోపే ఒక మాట అడుగుతారు. "అన్నా, ఇక్కడి ట్రాఫిక్‌లో చిన్న కారు తేలికా, పెద్దదా?" మా అపార్ట్‌మెంట్‌లోనే ఏడాదికి నలుగురైదుగురు అడుగుతారు. నేను కర్నూలు నుంచి వచ్చి పదకొండేళ్లయింది. మొదటి ఆరేళ్లు ఆల్టో నడిపాను, ఆ తర్వాత నుంచి ఇన్నోవా క్రిస్టా. రెండు కార్లనూ ఇవే సందుల్లో, ఇవే బేస్‌మెంట్లలో తిప్పాను కాబట్టి నాకు అనుభవంలో తెలిసింది చెబుతాను.

రోజూ మీ కారు దూరాల్సిన చోట్లలో అన్నిటికంటే ఇరుకైనది ఏదో ముందు కనిపెట్టండి. అది మీ ఇంటి గేటు కావచ్చు, బేస్‌మెంట్‌లో మీకిచ్చిన పార్కింగ్ కావచ్చు, పిల్లల్ని బడి దగ్గర దింపే సందు కావచ్చు. నిర్ణయం దాన్ని బట్టే జరగాలి. చాలామంది ఔటర్ రింగ్ రోడ్డును చూసి భయపడి చిన్న కారు కొంటారు, లేదా సంక్రాంతికి ఊరెళ్లే ప్రయాణాన్ని తలుచుకుని పెద్దది కొంటారు. రెండూ ఏడాది తిరగకుండానే ఇబ్బంది పెడతాయి.

ఔటర్ రింగ్ రోడ్డు సంగతే తీసుకోండి. సాయంత్రం ఆరున్నరకు మారతహళ్లి, బెళ్లందూరు మధ్య చిన్న కారైనా పెద్ద కారైనా ఒకటే వేగం. మొదటి గేరు, రెండో గేరు, మళ్లీ మొదటి గేరు. అక్కడ అలసిపోయేది క్లచ్ మీదున్న ఎడమ కాలు. సిల్క్ బోర్డు దగ్గరా, హెబ్బాళ దగ్గరా అంతే. ఈ బాధకు మందు కారు సైజులో దొరకదు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో దొరుకుతుంది. 2014లో మారుతి సెలేరియోతో మన దేశానికి ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని యంత్రం చేసిపెట్టే రకం) వచ్చాక తక్కువ ధర కార్లలోనూ క్లచ్ లేకుండా నడిపే వీలు కలిగింది. ఒకే బడ్జెట్‌లో "కాస్త పెద్ద మాన్యువల్ కారా, చిన్న ఆటోమేటిక్ కారా" అని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చిన్న ఆటోమేటిక్ అంటాను. ఏఎంటీలో గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. వారంలో అలవాటైపోతుంది.

ఇక టేపు సంగతి. ఆల్టో కె10 వెడల్పు 1,490 మిల్లీమీటర్లు. అంటే అయిదడుగులకు కొంచెం తక్కువ. క్రిస్టా 1,830, అంటే సరిగ్గా ఆరడుగులు. తేడా పదమూడు అంగుళాలు, జానెడున్నర. రోడ్డు మీద ఇది పెద్ద తేడాలా అనిపించదు. బేస్‌మెంట్‌లో మాత్రం అదే ప్రాణం తీస్తుంది. మీ రెండు పిల్లర్ల మధ్య ఎనిమిది అడుగులు ఉందనుకోండి. ఆల్టోను మధ్యలో నిలిపితే రెండు పక్కలా చెరో అడుగున్నర మిగులుతుంది. తలుపు తెరుచుకుని మామూలుగా దిగొచ్చు. క్రిస్టాకు చెరో అడుగే. ఆ సందులో తలుపు తెరిచి పెద్దవాళ్లు దిగలేరు. అందుకని నేను ఇంట్లోవాళ్లను ముందే దింపేసి, కారును ఎడమ పిల్లర్‌కు దాదాపు ఆనించి, మిగిలిన చోటంతా నా వైపు ఉంచుకుని దిగుతాను. రోజుకు రెండుసార్లు, అయిదేళ్లుగా. కంపెనీలు చెప్పే వెడల్పులో సాధారణంగా సైడ్ అద్దాలు కలపరు, అది కూడా గుర్తుంచుకోండి.

ఇక్కడ మనల్ని తికమక పెట్టే విషయం ఒకటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతం, పెద్దవాటి మీద 40 శాతం. పన్ను లెక్కలో చిన్న కారు అంటే పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకూడదు, పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ మించకూడదు. చాలా కార్లు సరిగ్గా 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయేది ఇందుకే. ఆ లెక్కలో వెడల్పు ప్రస్తావనే లేదు. నెక్సాన్ పొడవు 3,995, కాబట్టి పన్నుకు చిన్న కారే. కానీ వెడల్పు 1,804. పెద్ద కారు అనుకునే క్రెటా వెడల్పు 1,790 మాత్రమే. "చిన్నదే కదా" అని నెక్సాన్ కొని తెచ్చుకుంటే పిల్లర్ల మధ్య అది క్రెటా కంటే కాస్త ఎక్కువ చోటే అడుగుతుంది. అది మంచి కారు, కొనొద్దని అనడం లేదు. షోరూమ్‌లో "కాంపాక్ట్" అన్న మాట వినగానే మీ గేటులో పడుతుందని అనుకోవద్దు, అంతే.

పొడవు ఇబ్బంది మరోచోట తెలుస్తుంది. బెంగళూరు లేఅవుట్లలో "ముప్పై నలభై" సైటు అనే మాట మీరు మొదటి వారంలోనే వింటారు. ముప్పై అడుగుల ముఖం, నలభై అడుగుల లోతు. అలాంటి ఇంట్లో అద్దెకు దిగితే గేటు లోపల కారుకు ఇచ్చే చోటు ఎంతో అడగకండి, కొలవండి. క్రిస్టా పొడవు పదిహేనున్నర అడుగులు. ఆల్టో పదకొండున్నర. ఆ నాలుగు అడుగుల మీదే గేటు మూసుకుంటుందా లేదా అన్నది తేలుతుంది. మా స్నేహితుడొకరు బీటీఎం లేఅవుట్‌లో ఇల్లు తీసుకున్నాక చూసుకుంటే, మోటారు పంపు గది వల్ల కారు ముక్కు రెండడుగులు రోడ్డు మీదే ఉంటోంది. అద్దె ఒప్పందం అప్పటికే అయిపోయింది.

వీధి వెడల్పు 30 అడుగులైతే 9.1 మీటర్లు. ఆల్టో టర్నింగ్ రేడియస్ 4.5 మీటర్లు, అంటే పూర్తిగా తిరగడానికి తొమ్మిది మీటర్లు కావాలి. క్రిస్టాకు 5.4, అంటే 10.8 మీటర్లు. లెక్క ప్రకారం ఖాళీ వీధిలో ఆల్టో ఒక్క తిప్పుడులో యూటర్న్ కొట్టేస్తుంది. ఖాళీ వీధి ఎక్కడుంది? ఒక పక్కంతా కార్లు నిలిపి ఉంటాయి, ఇంకో పక్క కాలువ మీద బండలు ఎత్తుగా లేచి ఉంటాయి. మల్లేశ్వరం, జయనగర్ లాంటి పాత పేటల్లో చెట్ల మొదళ్లు రోడ్డు అంచుదాకా వస్తాయి. (ఆ చెట్లుండబట్టే ఈ ఊరు ఈ ఊరిలా ఉంది, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు.) అక్కడ చిన్న కారును ఒకసారి రివర్స్ చేస్తే చాలు, పెద్దదాన్ని రెండు మూడుసార్లు చేయాలి. వెనక ఆటో హారన్ కొడుతుంటే కొత్తవాళ్లకు ఆ రెండోసారే టెన్షన్.

నాకు మొదటి దెబ్బ తగిలింది కూడా తిప్పేటప్పుడే. క్రిస్టా తీసుకున్న మూడో నెలలో కోరమంగళలో ఒక ఆఫీసు బేస్‌మెంట్‌లోకి దిగుతూ ఎడమకు తిప్పాను. ముందు భాగం హాయిగా వెళ్లిపోయింది. వెనక తలుపు పిల్లర్‌కు ఒరుసుకుంటున్న చప్పుడు వినిపించేసరికే సొట్ట పడింది. ఆల్టోలో ఆరేళ్లు తిప్పిన కొలతే నా చేతుల్లో ఉండిపోయింది. మలుపులో లోపలి వైపు వెనక చక్రం, ముందు చక్రం వెళ్లిన దారిలో వెళ్లదు, ఇంకా లోపలికి కోసుకుపోతుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం ఎంత ఎక్కువైతే అంత లోపలికి వస్తుంది. ఇప్పటి ఆల్టో కె10లో ఆ దూరం 2,380 మిల్లీమీటర్లు, క్రిస్టాలో 2,750. పెద్ద కారులో పిల్లర్ మీ భుజం దాటేదాకా ఆగి, అప్పుడు తిప్పాలి. ఈ ఒక్క అలవాటు వస్తే పెద్ద కారు భయం సగం పోతుంది.

మిగతా సగం ఎడమ ముందు మూల గురించి. మనం కుడి పక్క కూర్చుంటాం కాబట్టి ఆ మూల కనబడదు. ఊరు మారినా కారు మారినా ముందు నేర్చుకోవాల్సింది అదే. ఆదివారం ఉదయం ఆరింటికి, హెచ్‌ఎస్‌ఆర్ లాంటి లేఅవుట్‌లో మనుషులు తిరగని వీధి చూసుకోండి. పక్కన తోడుగా ఒకరు ఉండాలి. టీ తాగే పేపర్ కప్పు ఒకటి రోడ్డు మీద బోర్లించి, ఎడమ ముందు చక్రంతో దాన్ని తొక్కడానికి ప్రయత్నించండి. తొక్కితే టప్పుమని వినబడుతుంది. మొదట పది సార్లలో ఒకసారి తగులుతుందేమో. తగిలిన ప్రతిసారీ కప్పు ఉన్నవైపు చూస్తే బానెట్ మీద ఏ చోటు ఎదురుగా ఉందో గమనించండి. మూడు ఆదివారాలు చాలు. నేను క్రిస్టా మీద ఇది చేశాక మా ఆవిడ కూడా చేసింది, ఇప్పుడు బేస్‌మెంట్‌లో నాకంటే తనే శుభ్రంగా పెడుతుంది. పెద్ద కారు కొన్న ఇళ్లలో తాళం ఒక్కరి చేతిలోనే ఉండిపోవడం చాలా చూశాను. రాత్రి పిల్లాడికి జ్వరమొస్తే ఇంట్లో ఉన్నవాళ్లు ఎవరైనా సరే తీసుకెళ్లగలిగేలా ఉండాలి. కొనేముందు ఇద్దరూ నడిపి చూడండి.

నడిపి చూడటం అంటే షోరూమ్ ముందున్న మెయిన్ రోడ్డు మీద కాదు. టెస్ట్ డ్రైవ్ కారును మీ ఇంటికి తెప్పించండి. మీ బేస్‌మెంట్ ర్యాంప్ దింపి, మీ పార్కింగ్‌లో పెట్టి, తీసి, మళ్లీ ర్యాంప్ ఎక్కించి సగంలో ఆపి కదిలించండి. మనం సెల్లార్ అనేదాన్ని ఇక్కడ బేస్‌మెంట్ అంటారు, కొన్నిచోట్ల రెండు మూడు అంతస్తులు కిందికి ఉంటుంది. ఎదురుగా కారు వస్తే ఆ నిటారు ర్యాంప్ మీద ఆగాల్సిందే. అందుకే హిల్ హోల్డ్ (ఎత్తు మీద బ్రేకు వదిలాక కారు వెనక్కి జారకుండా కాసేపు పట్టి ఉంచేది) ఉన్న కారు కొత్తవాళ్లకు మేలు.

మొదటిసారి కారు కొంటున్నవాళ్లకు, రోజంతా ఊళ్లోనే తిరిగేవాళ్లకు నా సలహా వ్యాగన్ఆర్ లాంటి ఎత్తైన చిన్న కారు. వెడల్పు 1,620 మాత్రమే, ఎత్తు 1,675. కూర్చునే చోటు ఎత్తుగా ఉండటం వల్ల ముందున్న బైకులు, రోడ్డు అంచు బాగా కనబడతాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు ఎక్కి దిగడానికీ సుఖం.

అయితే నెలనెలా ఊరెళ్లేవాళ్ల లెక్క వేరు. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి జాతీయ రహదారి 44 మీద కర్నూలుకు సుమారు 360 కిలోమీటర్లు. ఆ దారిలో లారీని దాటేటప్పుడు ఎత్తైన చిన్న కారు గాలికి ఊగినట్టవుతుంది, స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి. అయిదుగురితో, సామానుతో, ఏసీ వేసుకుని ఒక లీటరు ఇంజన్ మీద తిరుమల ఘాట్ ఎక్కితే రెండో గేరులో ఓపిగ్గా లాగించాల్సి వస్తుంది. క్రిస్టాలో ఈ రెండూ తెలియనే తెలియవు. నేను మారింది అందుకే, ఊళ్లో కష్టం తెలిసే మారాను. ఏడాదికి రెండుసార్లు మాత్రమే వెళ్లేవాళ్లు ఆ రెండుసార్లకు పెద్ద కారు అద్దెకు తీసుకోవచ్చు. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండే సెల్ఫ్ డ్రైవ్ కార్లు ఇక్కడ సులువుగా దొరుకుతాయి. ఏ కారైనా 2023 అక్టోబర్‌లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో, అంటే కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే పరీక్షలో, దానికెన్ని స్టార్లు వచ్చాయో కూడా చూడండి. నడపడానికి తేలికైన కారు గుద్దుకున్నప్పుడు కాపాడుతుందని లేదు.

వర్షం గురించి ఒక్క మాట, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2023 మే నెలలో కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నిలిచిన నీళ్లలోకి ఒక కారు వెళ్లి చిక్కుకుంది. అందులో ఉన్న మన ఆంధ్ర అమ్మాయి, ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, చనిపోయింది. కారు ఎత్తుగా ఉంది కదా అని నీళ్లలోకి దించే ధైర్యం పెద్ద కార్ల వాళ్లకే ఎక్కువ. రెండడుగుల నీళ్లు పెద్ద కారును కూడా తేల్చేస్తాయి. అండర్‌పాస్‌లో కింద రోడ్డు కనబడకపోతే ఆగిపోండి, వెనక ఎంతమంది హారన్ కొట్టినా సరే.

కాగితాల సంగతి క్లుప్తంగా. మీ లైసెన్సు దేశమంతా చెల్లుతుంది, మార్చుకోనక్కర్లేదు. ఏపీ, తెలంగాణ నంబరు కారు తెచ్చుకుని 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం కర్ణాటక నంబరు తీసుకోవాలి. దానికి మీ పాత ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కారు ఖరీదు పెరిగేకొద్దీ ఈ పన్నూ బరువవుతుంది. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీలో పనిచేస్తుంటే, కొత్త కారుకు 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరు (రాష్ట్రం మారినా మార్చుకోనక్కర్లేనిది) అడగండి. మళ్లీ బదిలీ అయితే ఈ తిరుగుడు తప్పుతుంది.

ఇంకొకటి. పార్కింగ్‌లో సెక్యూరిటీ వాళ్లు వెనక నిలబడి మీ చేత రివర్స్ చేయిస్తారు. వాళ్ల కన్నడ ముక్కలు నాలుగు ముందే నేర్చుకోండి. ఎడక్కె అంటే ఎడమకు, బలక్కె అంటే కుడికి, హిందె అంటే వెనక్కి. "బర్లీ, బర్లీ" అంటుంటే రానివ్వమని. "సాకు" అన్నారంటే మన తెలుగు సాకు అనుకోకండి, చాలు అని. ఆ మాట వినగానే బ్రేకు తొక్కండి.