పాత ఇల్లు చదువుదాం – 3వ పాఠం: వంటిల్లు ఏదమ్మా?

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చేశారా? మీ అమ్మమ్మగారి ఇంటి పటం గుర్తున్నంతవరకు గీయమన్నాను. గీసినవాళ్లకి ఈపాటికి తెలిసే ఉంటుంది. వీధరుగు, సావిడి, మండువా, పడమటిల్లు టకటకా వచ్చేస్తాయి. పొయ్యి ఏ గోడవారగా ఉండేది, గిన్నెలు ఎక్కడ తోమేవారు, తోమే మనిషి ఏ గుమ్మంలోంచి వచ్చేది అన్న దగ్గర పెన్సిల్ ఆగిపోతుంది. ఆగిన చోటల్లా ఎర్ర గుర్తు పెట్టి ఉంచండి. ఇవాళ వాటితోనే పని.

మొదటి రెండు పాఠాల్లో ఇంటిని బయట నిలబడి చదివాం. ఇటుక, సున్నం, కిటికీలు, స్తంభాలు. ఈసారి లోపలికి వెళ్దాం. అందుకు నాష్‌విల్‌ని తీసుకుంటున్నాను. అమెరికా దక్షిణాదిలో టెనెసీ రాష్ట్రానికి రాజధాని. ఊరి చుట్టూ అరగంట కారు ప్రయాణంలో నాలుగు పాత భవనాలు, వాటి తోటలు, నడిబొడ్డున సంగీత మ్యూజియంలు ఉన్నాయి. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల్ని శనాదివారాల్లో ఎక్కడికి తిప్పాలో తోచని తెలుగువాళ్లకి ఈ పాఠం రెండు విధాలా పనికొస్తుంది.

నిజానికి ఇది నాకు నేర్పింది మా అత్తగారు. హెర్మిటేజ్ అనే భవనానికి తీసుకెళ్లాను. హాల్లో గైడు గోడకాగితం గురించి వివరిస్తుంటే అందరం మెడలు పైకెత్తి చూస్తున్నాం. ఆవిడ నా చెయ్యి పట్టి లాగి, "అది సరేగానీ అమ్మాయ్, వంటిల్లు ఏదమ్మా? నీళ్లెక్కణ్ణుంచి తెచ్చుకునేవారు? ఇంత కొంప ఎవరు ఊడ్చేవారు?" అన్నారు. "తర్వాత చెప్తానత్తయ్యా, ఆయన మాట్లాడుతున్నారు" అని సర్దేశాను. ఆ ఇంటికి నేను రావడం అది మూడోసారి. ఆవిడ అడిగిన మూడింట్లో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు.

నీళ్లు, వంట, పని. వీటికి నేను నాలుగోది చేర్చాను: డబ్బు. ఏ పాత ఇంటికి వెళ్లినా ఈ నాలుగూ అడగడమే ఇవాళ్టి విద్య. ముందు ఒక్క ఇంటి మీద నెమ్మదిగా చేద్దాం.

హెర్మిటేజ్ ఊరి మధ్య నుంచి తూర్పుగా 20 కిలోమీటర్లు ఉంటుంది. అమెరికా ఏడో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఇల్లు. లోపలికి వెళ్లేముందు ఎదురుగా ఒకసారి, పక్కకి వెళ్లి ఒకసారి చూడండి. ఎదురు భాగం లేత రంగులో, పెద్ద స్తంభాలతో గ్రీకు గుడిలా ఉంటుంది. పక్కగోడలు మామూలు ఎర్ర ఇటుక. స్తంభాలు రాయి కాదు, చెక్క. రాయిలా గరుకుగా కనపడాలని రంగులో ఇసుక కలిపి పూశారు. 1834లో పొగగొట్టం నుంచి నిప్పంటుకుని ఇల్లు కాలింది. మళ్లీ కట్టినప్పుడు వేసిన ముఖమిది. రెండో పాఠంలో "మూల దగ్గర నిలబడి రెండు గోడలూ ఒకేసారి చూడండి" అన్నది ఇందుకే.

హాల్లోకి వెళ్లాక వంపు తిరిగిన మెట్లు, పారిస్ నుంచి తెప్పించిన గోడకాగితం కనిపిస్తాయి. తండ్రిని వెతుక్కుంటూ వెళ్లే టెలిమాకస్ అనే గ్రీకు కుర్రాడి కథ గోడల నిండా బొమ్మలుగా ఉంటుంది. బాగుంటుంది, కాదనను. రెండు నిమిషాలు చూసి ముందుకు నడవండి.

వంట: భవనం వెనక విడిగా కట్టిన గదిలో చేసేవారు. వేడి, పొగ, నిప్పు భయం ఇంట్లోకి రాకుండా దక్షిణాదిలో చాలా పెద్ద ఇళ్లకి ఇదే పద్ధతి. అక్కడి వంటమనిషి పేరు బెట్టీ. జీతానికి కుదిరిన మనిషి కాదు, బానిస. ఆమె కొడుకు ఆల్‌ఫ్రెడ్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, తోటలో మళ్లీ వస్తుంది.

నీళ్లు: భవనానికి దూరంగా ఒక ఊట ఉంది. దానిమీద కట్టిన చిన్న గది చల్లదనానికి పాలు, వెన్న పాడవకుండా అక్కడ ఉంచేవారు. ఆ ఊట దగ్గరే జాక్సన్ మొదటి ఇల్లు ఉంది. 1804లో ఇక్కడ పొలం కొన్నప్పుడు ఆయన కాపురం పెట్టింది దుంగలతో కట్టిన రెండంతస్తుల ఇంట్లో. 1821లో ఇటుక భవనంలోకి మారాక ఆ దుంగల ఇంటిని ఒక అంతస్తుకి కుదించి బానిసల నివాసం చేశారు. యజమాని ఇల్లు మెట్టు దిగి బానిసల పాక అవడం అందులో నేరుగా కనిపిస్తుంది. చాలామంది అంత దూరం నడవరు. నా లెక్కలో హెర్మిటేజ్ టికెట్ డబ్బులకి గిట్టుబాటు అయ్యేది అక్కడే.

పని: 1845లో జాక్సన్ చనిపోయేనాటికి ఆ పత్తి పొలంలో సుమారు 150 మంది బానిసలున్నారు. వాళ్ల పాకలున్న చోట పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వితే నీలం గాజుపూసలు, మూసిన పిడికిలి ఆకారంలో చిన్న లోహపు తాయెత్తులు దొరికాయి. పారిస్ కాగితం కన్నా అవే నన్ను ఎక్కువసేపు నిలబెట్టాయి.

డబ్బుకి వేరే జవాబు అక్కర్లేదు. ఆ పత్తే.

ఇప్పుడు తోటకి వద్దాం. భవనం పక్కనే ఎకరం స్థలంలో 1819లో వేసిన తోట. పూలతోటని చదివేటప్పుడు పూలు ఆఖరున చూడాలి. ముందు దారులు, తర్వాత గోడ లేదా కంచె, తర్వాత ఏ చెట్టు కింద ఎవరున్నారన్నది. జాక్సన్ భార్య రేచల్‌కి ఈ తోటంటే ప్రాణం. 1828 డిసెంబరులో, ఆయన ఎన్నికలో గెలిచి పదవి చేపట్టేలోపే ఆమె చనిపోయింది. తోటలోనే పాతిపెట్టారు. తర్వాత దానిమీద స్తంభాల మంటపం కట్టించారు. ఆమె పక్కనే ఆయన. ఆయన పలక మీద జనరల్ అని ఉంటుంది. అధ్యక్షుడన్న మాట ఉండదు. నాలుగడుగుల దూరంలో ఇంకో రాయి: ఆల్‌ఫ్రెడ్. బెట్టీ కొడుకు. బానిసత్వం పోయాక కూడా అక్కడే ఉండి, ఆ ఇల్లు మ్యూజియం అయ్యాక వచ్చినవాళ్లకి తిప్పి చూపించి, 1901లో చనిపోయాడు. రాయి మీద ఆయన్ని "నమ్మకమైన సేవకుడు" అన్నారు. ఆ మాట ఎవరు చెక్కించారు, ఎవరిని ఉద్దేశించి చెక్కించారు అని ఆలోచించడం కూడా ఇల్లు చదవడంలో భాగమే. మిగతా బానిసలకి రాళ్లు లేవు. 2024లో మాత్రం ఆ పొలంలోనే 28 సమాధుల ఆనవాళ్లు దొరికాయని ప్రకటించారు.

తిరిగి వచ్చేటప్పుడు భవనం ముందరి దారి ఆకారం గమనించండి. పొడుగ్గా వచ్చి గుండ్రంగా విచ్చుకుంటుంది, అచ్చం గిటారు. జాక్సన్ ఇంట్లోనే ఉంటూ ఆయన బొమ్మలు వేసిన చిత్రకారుడు రాల్ఫ్ ఎర్ల్ గీసిన నమూనా. దారికి అటూ ఇటూ దేవదారు జాతి చెట్లు నాటారు. 1998లో సుడిగాలికి ఈ తోటల్లో వెయ్యికి పైగా చెట్లు కూలాయి. ఆ కలపలో కొంత గిబ్సన్ కంపెనీ గిటార్లయింది.

మిగతా మూడు భవనాల్ని మీరే చదువుతారని ఆశతో, ఏ ఇంట్లో ఏ ప్రశ్నకి మంచి జవాబు దొరుకుతుందో మాత్రం చెప్తాను.

నీళ్ల ప్రశ్నకి బెల్మాంట్. ఇప్పుడు విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. 1850ల నాటి ఇల్లు, అడీలీషియా ఆక్లెన్ అనే సంపన్నురాలిది. తోటలో పోత ఇనుముతో చేసిన మంటపాలు, కొంచెం దూరంలో నూరడుగులు దాటిన ఇటుక బురుజు ఉంటాయి. చూసినవాళ్లంతా చర్చి గోపురం అనుకుంటారు. అప్పట్లో అది నీళ్ల ట్యాంకు. నీళ్లు పైకి తోడి, అక్కడి నుంచి ఫౌంటెన్లకీ తోటకీ వదిలేవారు. డబ్బు ప్రశ్న కూడా అడిగారనుకోండి, ఆమె మొదటి భర్త ఐజాక్ ఫ్రాంక్లిన్ బానిసల వ్యాపారి అని తేలుతుంది. ఆ తర్వాత ఆ ఇంటి పెద్ద హాల్లో కూర్చుని ఆ ఫౌంటెన్లని చూడటం కాస్త కష్టం.

డబ్బుకి ఇంకో రకం జవాబు చీక్‌వుడ్. మ్యాక్స్‌వెల్ హౌస్ కాఫీలో పెట్టుబడి పెట్టిన లెస్లీ చీక్, ఆయన భార్య మేబెల్ వుడ్. ఇద్దరి ఇంటిపేర్లూ కలిపితే ఆ పేరు. 1932కి ఇల్లు పూర్తయింది. అంటే పాతదిగా కనపడేలా కట్టిన కొత్త ఇల్లు. ఇంగ్లండ్ పాత భవనాల తలుపులు, సామాన్లు కొనుక్కొచ్చి బిగించారు. చూడగానే 18వ శతాబ్దం అనిపిస్తే మోసపోకండి. 55 ఎకరాల తోట, ఏప్రిల్‌లో ట్యూలిప్‌లు. అమ్మానాన్నలకి నడక ఎక్కువ, మధ్యలో కూర్చోడానికి చోట్లు చూసుకోండి. జూలై మధ్యాహ్నం కొత్త చెప్పులేసుకుని వెళ్లిన మనిషిని నేను, నా మాట వినండి.

బెల్ మీడ్‌లో పనివాళ్ల ప్రశ్న అడగండి. పందెం గుర్రాల పొలం. స్తంభాల మీద అమెరికా అంతర్యుద్ధంలో 1864లో తగిలిన తూటా గుర్తులు చూపిస్తారు. గుర్రాల పేర్లన్నీ చెప్తారు కూడా. గుర్రాల్ని చూసుకున్న బాబ్ గ్రీన్ గురించి మీరు అడిగితే ఇంకా బాగా చెప్తారు. ఇది చీక్‌వుడ్‌కి దగ్గరే. రెండూ ఒకరోజు, హెర్మిటేజ్ ఇంకోరోజు పెట్టుకోండి.

ఇక మ్యూజియం. ఇల్లు చదవడం నేర్పుతానని వాయిద్యాల దగ్గరికి తీసుకొచ్చానేమిటంటారా? అడిగే తీరు ఒకటే. అద్దాల పెట్టెలో ఉన్న వస్తువుకి వంటిల్లు ఉండదు, అరుగుదల ఉంటుంది. చెయ్యి ఎక్కడ పడిందో అక్కడ రంగు పోతుంది. మన ఇళ్లలో రుబ్బురోలు పొత్రం ఒక పక్కకే అరిగినట్టు.

అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతానికి మ్యూజియం, కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్, 2001 నుంచి ఊరి మధ్య ఇప్పుడున్న భవనంలో ఉంది. బయట నిలబడి కిటికీలు చూడండి, పియానో మెట్లు. లోపల తళుకు బట్టలు, వెండి డాలర్లు అతికించిన కారు లాంటివి చాలానే ఉన్నాయి. వాటి ముందు జనం ఎక్కువ, నేను అక్కడ ఆగను. నేరుగా బిల్ మన్రో మాండలిన్ దగ్గరికి వెళ్లండి. 1923లో చేసిన గిబ్సన్ వాయిద్యం. కంట్రీలో ఒక శాఖ అయిన బ్లూగ్రాస్ సంగీతం దీనిమీదే పుట్టిందంటే పెద్ద అతిశయోక్తి కాదు. చదవండి: తీగలు మీటే చోట రంగు ఊడి చెక్క బయటపడింది. ఒకసారి మరమ్మతుకి పంపితే నచ్చినట్టు చేయలేదని కోపమొచ్చి, వాయిద్యం తల దగ్గరున్న కంపెనీ పేరుని మన్రో తనే చెక్కి తీసేశాడు. 1985లో ఎవరో ఆయన ఇంట్లో చొరబడి, చలిమంట దగ్గరి ఇనుప కడ్డీతో దాన్ని తుక్కుతుక్కు చేశారు. అదే కంపెనీలో పనిచేసే చార్లీ డెరింగ్టన్ వందకి పైగా పేళ్లని ఒక్కొక్కటిగా అతికించి మళ్లీ పలికించాడు. మన్రో బతికున్నన్నాళ్లూ దాన్నే వాయించాడు.

అక్కడి నుంచి నడిచివెళ్లగలిగే దూరంలో, 2021లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ సంగీత జాతీయ మ్యూజియం. దీన్ని ముందు చూడాలా, తర్వాతా అని అడుగుతారు. నన్నడిగితే ముందే. ఎందుకంటే కంట్రీ పాటల్లో టింగుటింగుమనే తీగవాయిద్యం బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్ల జ్ఞాపకంలోంచి వచ్చింది. మొదట్లో దాని బొజ్జ సొరబుర్ర. తంబురా చూసిన కళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఈ ముక్క తెలిశాక హాల్ ఆఫ్ ఫేమ్‌లో ప్రతి బాంజో దగ్గరా "పని ఎవరిది?" అన్న అత్తగారి ప్రశ్న వినపడుతుంది.

రైమన్ ఆడిటోరియంలో మాత్రం చదవడానికి పెద్దగా ఏమీ లేదు. చర్చి బల్లల మీద కూర్చుని కచేరీ వినడమే. 1892లో ప్రార్థనల కోసం కట్టింది కాబట్టి బల్లలకి మెత్తలుండవు.

ఒక హెచ్చరిక. పాత రికార్డింగు గది ఆర్.సి.ఎ. స్టూడియో బి చూడాలంటే హాల్ ఆఫ్ ఫేమ్ నుంచి బస్సులోనే తీసుకెళ్తారు, టికెట్ ముందే కొనుక్కోవాలి. గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ రెండు వందలకి పైగా పాటలు పాడిన గది. నేను కాఫీ దగ్గర పది నిమిషాలు ఆలస్యం చేసి బస్సు పోగొట్టుకున్నాను.

అభ్యాసం

ఈ నెలలో మీకు దగ్గర్లో ఉన్న ఏదైనా ఒక పాత ఇంటికో మ్యూజియానికో వెళ్లండి. నాష్‌విల్ కానక్కర్లేదు. ఫొటోలు తీయొద్దు, నోటుపుస్తకం పట్టుకెళ్లండి. నీళ్లు, వంట, పని, డబ్బు అని నాలుగు గళ్లు గీసి, గైడు చెప్పకముందు మీకు కనపడింది ఒక రంగులో, చెప్పాక తెలిసింది ఇంకో రంగులో రాయండి. ఖాళీగా మిగిలిన గడి ఉంటే గైడుని మర్యాదగా అడగండి. చాలామంది గైడులకి ఆ ప్రశ్న అడిగేవాళ్లు దొరకరు. అడిగితే మొహం వెలుగుతుంది.

ఇంటికొచ్చాక అమ్మమ్మగారి ఇంటి పటం మళ్లీ తీయండి. ఎర్ర గుర్తు పెట్టిన చోట్లలో ఒకటైనా ఫోన్ చేసి ఎవరినైనా అడిగి నింపండి. మా అత్తగారికి నేను చూపిస్తే నా పటంలో బావి తప్పు దిక్కున వేశానని పెన్సిల్ తీసుకుని కొట్టేశారు. నాలుగో పాఠం ఆ బావి దగ్గరే మొదలవుతుంది.