వేలాడే కుండీల్లో టమాటా: సీమ ఎండల్లో పెంచడం ఎలా?

పత్తికొండ, కక్కలపల్లి మార్కెట్లకు లారీల కొద్దీ టమాటా దిగే ఈ ప్రాంతంలో, ఇంట్లో రెండు కుండీలు వేలాడదీసి పెంచడం ఎందుకని అడిగేవాళ్లుంటారు. రుచి కోసం. మార్కెట్ కాయ దూరం పోవాలి కాబట్టి తోలు గట్టిగా ఉండే రకాలే వేస్తారు, రంగు తిరుగుతుండగానే కోస్తారు. చెట్టుమీదే పూర్తిగా మాగిన చిన్న టమాటా తియ్యదనం వేరు. పైగా అనంతపురం, కడప, కర్నూలు టౌన్లలో చాలా ఇళ్లకు పెరడే లేదు. వరండా, బాల్కనీ, మెట్ల పక్క కమ్మీ, ఉన్న జాగా అంతే. కిందికి జాలువారే రకాలకు కర్ర ఊతం కూడా అక్కర్లేదు.

విత్తనం, కాలం

అన్ని టమాటాలూ దీనికి పనికిరావు. కూర టమాటా కాయలు బరువు, కొమ్మ కుండీ అంచు దగ్గర విరుగుతుంది. పొడవుగా తీగలా పెరిగే రకాలదీ అదే గతి. గుబురుగా పెరిగి కొమ్మలు కిందికి వాలే చెర్రీ రకాలు కావాలి. ‘టంబ్లింగ్ టామ్’, ‘టంబ్లర్’ అలాంటివే. వేరే పేరున్న ప్యాకెట్ అయితే వేలాడే బుట్టలకు తగినదని రాసుందో లేదో చూసి కొనండి.

పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పూత కాయ కట్టకుండా రాలిపోతుంది. మన దగ్గర మార్చి నుంచే ఆ పరిస్థితి, మేలో 42 డిగ్రీలు మామూలు. అందుకే ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు లోపు విత్తుకోవాలి. మొలక వారం రోజుల్లో వస్తుంది. నాలుగు వారాలకు నారు జానెడు ఎత్తు అవుతుంది. దసరా నాటికి కుండీలోకి మారిస్తే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయలు తినొచ్చు. వేసవి సెలవుల్లో తీరిక ఉంది కదా అని ఏప్రిల్లో మొదలుపెట్టకండి.

కుండీ, కొక్కెం

కనీసం అడుగు వెడల్పు, 10–12 లీటర్లు పట్టే ప్లాస్టిక్ కుండీ తీసుకోండి. కొబ్బరిపీచు పరిచిన తీగ బుట్టలు అందంగానే ఉంటాయి కానీ మన గాలికి అన్ని వైపుల నుంచీ ఆరిపోతాయి. అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టండి. అంచు పదునుగా ఉంటే పాత సైకిల్ ట్యూబును చీల్చి చుట్టూ తొడగండి. కాయల బరువుకు కొమ్మ అంచు మీదే ఒరుసుకుంటుంది.

తడిసిన కుండీ 10 కిలోల పైమాటే. స్లాబులో బిగించిన కొక్కేనికో, గట్టి ఇనుప కమ్మీకో కట్టాలి. బండలు పరిచిన పాత మిద్దెల్లో అయితే దూలానికే తాడు వేయండి. గట్టి తాడుతో అల్లిన ఉట్టి ఉంటే కుండీ అందులో చక్కగా కూర్చుంటుంది. ఎత్తు మాత్రం మీ చెయ్యి అందేంతే. అందని కుండీకి నీళ్లు పోయడం వారం రోజుల్లోనే బద్ధకమైపోతుంది.

పొద్దుటి ఎండ ఐదారు గంటలు తగిలే తూర్పు వైపు మేలు. పడమటి గోడ వైపు వద్దు. సాయంత్రం దాకా ఆ గోడ కాగుతూనే ఉంటుంది.

మట్టి, నాటడం

నల్లరేగడి వాడొద్దు. తడిస్తే మోయలేం, ఆరితే పగుళ్లిస్తుంది. కడిగిన కొబ్బరిపొట్టు రెండు వంతులు, వానపాముల ఎరువు ఒక వంతు, ఎర్రమట్టి ఒక వంతు, పైన గుప్పెడు వేపపిండి కలిపితే చాలు. కుండీకి ఒకే మొక్క. రెండు పెడితే రెండూ నీళ్లకు కొట్టుకుంటాయి. కింది ఆకులు తుంచేసి, కాండం సగం దాకా మట్టిలోకి దించి నాటండి. పాతిన కాండానికీ వేళ్లు వస్తాయి. ఈ రకాలకు పక్క పిలకలు గిల్లకూడదు, జాలువారేవీ కాసేవీ ఆ కొమ్మలే.

కుండీ అడుగున రంధ్రం చేసి మొక్కను తలకిందులుగా వేలాడదీసే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. మొక్క ఎలాగూ వెలుతురు కోసం పైకే వంగుతుంది, పోసిన నీళ్లు కాండం వెంట కారిపోతాయి. ఆ పద్ధతి నేను ఎవరికీ చెప్పను.

నీళ్లు

ఇక్కడ వేలాడే కుండీ బతికేదీ ఎండిపోయేదీ నీళ్ల దగ్గరే. నేల మీది కుండీ కంటే ఇది తొందరగా ఆరుతుంది, చుట్టూ గాలే కదా. ముందు మట్టి పైన అంగుళం మందాన చెనక్కాయ పొట్టు పరచండి. మన ఊళ్లలో దానికి కరువు లేదు. తేమ ఎగిరిపోకుండా బాగా కాపాడుతుంది.

రోజూ పొద్దున్నే కుండీని కింది నుంచి అరచేత్తో కాస్త పైకి లేపి చూడండి. తేలిగ్గా లేస్తే అడుగు నుంచి చుక్కలు పడేదాకా పోయాలి, బరువుగా ఉంటే ఆగాలి. నాలుగు రోజులకే ఆ అంచనా చేతికి వచ్చేస్తుంది. కారే నీళ్లు వృథా కాకుండా సరిగ్గా కింద పుదీనా కుండీ పెట్టండి.

ఊరెళ్లి వచ్చేసరికి మట్టి పూర్తిగా ఎండిపోయిందనుకోండి. పైనుంచి పోస్తే కొబ్బరిపొట్టు పీల్చదు, నీళ్లు అంచుల పక్కనుంచి జారిపోతాయి. కుండీని దించి అరగంట నీళ్ల బకెట్లో కూర్చోబెట్టండి.

ఒకరోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచెత్తితే కాయ అడుగు భాగం నల్లబడి గుంటపడుతుంది. చూడగానే తెగులని మందు కొట్టేస్తారు. అది తెగులు కాదు, నీళ్లు సమంగా అందక కాయకు కాల్షియం చేరకపోవడం. గుడ్డు పెంకుల పొడి వేసినా అది కరగడానికి నెలలు పడుతుంది. నీళ్లు సరిచేస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

ఎరువు, పురుగు

పూత మొదలయ్యాక పది రోజులకోసారి చెనక్కాయ చెక్క నానబెట్టిన నీళ్లను పదింతలు పలచన చేసి పోయండి. ఆకులు ముదురాకుపచ్చగా పెరుగుతూ పూత రాకపోతే అది ఎక్కువైనట్టు, ఆపేయండి.

ఎక్కువ టెన్షన్ పెట్టేది తెల్లదోమే. ఆకు ముడత వైరస్ మొక్క నుంచి మొక్కకు దానివల్లే పాకుతుంది. రెండు రోజులకోసారి ఆకు తిప్పి అడుగున చూడండి. పసుపు రంగు అట్టకు ఆముదం పూసి కుండీ పక్కన కట్టితే దోమలు దానికి అంటుకుంటాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. ఆకులు ముడుచుకుపోయి చిన్నబడిన మొక్కను మాత్రం తీసేయక తప్పదు, మిగతావైనా దక్కుతాయి.

కోత

నాటిన రెండు నెలలకు గుత్తుల్లో కాండం వైపు కాయలు ముందు పండుతాయి. పండినవి పండినట్టే తొడిమతో కోస్తుంటే కొత్త పూత వస్తూ ఉంటుంది. మార్చిలో పూత రాలడం మొదలయ్యాక మొక్కను లాగేసి, ఆ మట్టిలో కొత్త ఎరువు కలిపి తోటకూర చల్లుకోండి. మళ్లీ టమాటాకు మాత్రం కొత్త మట్టే కలుపుకోవాలి.