రెయిడ్ మిర్రర్ పెట్టే ముందు: ఏ డిస్కు మీద రాస్తున్నారో చూసుకోండి

ఈ సంక్రాంతి సెలవులకు గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ వారు తమ ఆఫీసులోని లినక్స్ సర్వర్‌ను మూడు రోజులు ఆపి ఉంచారు. పండుగ అయ్యాక స్విచ్ వేస్తే సర్వర్ మామూలుగానే లేచింది గాని, అకౌంటెంటు గారు సాఫ్ట్‌వేర్ తెరిచి చూసేసరికి లెక్కలన్నీ దసరా దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. ఆ తరువాత బయటికి వెళ్లిన టిక్కీల (మిర్చి బస్తాల) డెలివరీ ఎంట్రీ ఒక్కటి కూడా లేదు.

ఆ సర్వర్‌లో రెండు టెరాబైట్ల డిస్కులు రెండు, సాఫ్ట్‌వేర్ రెయిడ్‌తో (డిస్కులను కలిపి వాడే పద్ధతి) మిర్రర్‌గా, అంటే ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ ఉండేలా, కట్టి ఉన్నాయి. దసరా రోజుల్లో మొదటి డిస్కు కేబుల్ వదులై అది జతలోంచి జారిపోయింది. అప్పటి నుంచి మూడు నెలలు సర్వర్ రెండో డిస్కు మీదే ఒంటరిగా నడిచింది, ఎవరూ గమనించలేదు. సెలవుల తరువాత కరెంటు ఇచ్చినప్పుడు ఆ రెండో డిస్కు తిరగలేదు, ఎప్పుడో జారిపోయిన మొదటిది మాత్రం లేచింది. జత చెదిరిన సంగతి దాని మీద ఎక్కడా రాసి లేదు కాబట్టి సిస్టమ్ దానినే నమ్మి, దసరా నాటి లెక్కలతో బూట్ అయింది.

వచ్చిన టెక్నీషియన్ రెండో డిస్కు కేబుల్ ఊడదీసి పెట్టగానే అదీ కనబడింది. రెండూ కలిస్తే పోయిన ఎంట్రీలు కూడా వచ్చి చేరతాయని అతను అనుకున్నాడు. లినక్స్‌లో రెయిడ్ జతలను నడిపే ఎండీఆడ్మ్ కమాండుతో చేర్చబోతే అది ఒప్పుకోలేదు. ఈ డిస్కు తాను ఇప్పటికే ఈ అర్రేలో (డిస్కుల జతలో) పనిచేస్తున్న సభ్యుడినని చెప్పుకుంటోందనీ, రీ-యాడ్ (తిరిగి చేర్చడం) కుదరలేదనీ, స్పేర్‌గా (కొత్తగా నింపవలసిన డిస్కుగా) మార్చాలంటే ముందు సూపర్‌బ్లాక్ (డిస్కు ఏ జతకు చెందిందో రాసి ఉండే చోటు) చెరిపేయమనీ తెర మీద చూపింది. అతను చెరిపేశాడు. నాలుగు గంటల్లోపే సింక్ ముగిసి, జత చక్కగా కుదిరి, రెండు డిస్కుల్లోనూ దసరా నాటి లెక్కలే నిలిచాయి. నన్ను పిలిచే వేళకు మిగిలిన పని గేటు పాసు పుస్తకాల కట్టలు ముందేసుకుని మూడు నెలల ఎంట్రీలు మళ్లీ ఎక్కించడమే.

మిర్రర్ బ్యాకప్ కాదన్న మాట అందరూ చెబుతారు కాబట్టి నేను దాన్ని వదిలేస్తున్నాను. నేను ఎన్నో ఏళ్లుగా చిన్న ఆఫీసుల సర్వర్లు చూస్తున్నాను. డిస్కు చెడి డేటా పోయినవారి కంటే, బాగున్న డిస్కు మీద పాత డేటానో ఖాళీ డిస్కునో తమ చేతులతోనే కాపీ చేసుకున్నవారు నాకు ఎక్కువగా ఎదురయ్యారు. సింక్ అంటే రెండింటినీ కలపడం కాదు. ఒక డిస్కును చదివి, రెండోదాని మీద ఉన్నదంతా తుడిచి రాయడం. ఆ రెండింటిలో ఏది చదవబోతున్నారో, ఏది తుడవబోతున్నారో సీరియల్ నంబరుతో సహా చెప్పలేనంతవరకు ఎంటర్ నొక్కకూడదు.

జత కట్టే రోజు

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు డిస్కుల పేర్లు కావు, ఆ బూట్‌లో కెర్నెల్‌కు (లినక్స్ మూల ప్రోగ్రాముకు) డిస్కులు కనబడిన వరుసలో పడిన అక్షరాలు మాత్రమే. ఒక యూఎస్‌బీ డ్రైవ్ పెట్టి రీబూట్ చేసినా, కేబుల్ మరో పోర్టుకు మార్చినా నిన్నటి బీ ఇవాళ ఏ కావచ్చు. అందువల్ల డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండులో సీరియల్ కాలమ్ అడిగి తెప్పించుకుని, డిస్కు మీది స్టిక్కర్‌తో పోల్చి, చివరి నాలుగు అక్షరాలను తెల్ల టేపు మీద పెద్దగా రాసి ప్రతి డిస్కు ట్రేకి ముందువైపు అంటించండి. పది నిమిషాల పని ఇది. డిస్కులను ఇంకా బిగించకముందే చేయాలి, ఎందుకంటే బిగించాక స్టిక్కర్ కనబడదు. కమాండుల్లో కూడా డెవ్ కింద డిస్క్, దాని కింద బై-ఐడీ ఫోల్డరులో ఉండే పొడుగాటి పేర్లనే వాడండి. వాటిలో మోడలూ సీరియలూ ఉంటాయి కాబట్టి తప్పు డిస్కు రాస్తే కంటికి తెలుస్తుంది.

ఇప్పటికే ఒక డిస్కు మీద నడుస్తున్న సర్వర్‌ను మిర్రర్‌గా మార్చేటప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. డేటా ఉన్న పార్టిషన్‌నూ (డిస్కులోని భాగాన్నీ) కొత్తదాన్నీ కలిపి నేరుగా క్రియేట్ (కొత్త అర్రే కట్టే కమాండు) చేయకూడదు. ఇప్పటి ఎండీఆడ్మ్ మామూలుగా వాడే 1.2 రకం మెటాడేటాను (సూపర్‌బ్లాక్‌లో ఉండే జత వివరాలను) పార్టిషన్ మొదట్లో, 4 కిలోబైట్ల దూరంలో రాస్తుంది, డేటా మొదలయ్యే చోటు కూడా ముందుకు జరుగుతుంది. పాత ఫైల్‌సిస్టమ్ ఆ అర్రేలో కనబడదు. చేయవలసిన పద్ధతి ఏమిటంటే, కొత్త డిస్కుతో, రెండోదాని స్థానంలో 'మిస్సింగ్' అన్న మాట పెట్టి సగం జత కట్టాలి. దాని మీద ఫైల్‌సిస్టమ్ వేసి, ఫైళ్లన్నీ కాపీ చేసి, ఆ సగం జత నుంచే సర్వర్‌ను బూట్ చేసి, కనీసం ఒక పూర్తి పనిదినం నడిపించి, ఆ తరువాతే పాత డిస్కును చేర్చాలి. పాత డిస్కును చేర్చే ఆ ఒక్క కమాండుతో పాత డేటా పోతుంది. అంటే తుడుచుకుపోయే డిస్కు పాతదేనని, ఇప్పుడు నడుస్తున్నది కొత్తదేనని ఆ క్షణంలో మీకు సీరియల్ నంబరుతో తెలిసి ఉండాలి.

పార్టిషన్ల పట్టికను ఒక డిస్కు నుంచి మరోదానికి కాపీ చేయడానికి ఎస్‌జీడిస్క్ అనే కమాండులో ఆర్ అన్న ఆప్షన్ ఉంది, చాలామందిని ముంచింది అదే. దానిలో గమ్యం ముందు వస్తుంది, మూలం తరువాత వస్తుంది. ఫైళ్లు కాపీ చేసే సీపీకి అలవాటుపడిన చెయ్యి మూలాన్ని ముందు రాస్తుంది, ఖాళీ పట్టిక వచ్చి మంచి డిస్కు మీద పడుతుంది. నేనైతే ఈ ఆప్షన్ వాడడం మానేసి, ముందు రెండు పట్టికలనూ ఫైళ్లలోకి తీసి పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటున్నాను. మీరు వాడితే, కాపీ అయ్యాక పెద్ద జీ ఆప్షన్‌తో కొత్త డిస్కుకు వేరే గుర్తింపు సంఖ్యలు ఇవ్వడం మరవకండి.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఒకే సామర్థ్యం అని అమ్మిన రెండు డిస్కుల్లో కొన్ని సెక్టార్ల (డిస్కులోని చిన్న ముక్కల) తేడా ఉండవచ్చు కాబట్టి చివరలో 100 మెగాబైట్లు ఖాళీ వదలండి, లేకపోతే రేపు కొన్న డిస్కు జతలో పట్టదు. స్వాప్‌ను (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు స్థలాన్ని) కూడా మిర్రర్ మీదే పెట్టండి, లేకపోతే డిస్కు పోయిన క్షణాన నడుస్తున్న ప్రోగ్రాములు కూలిపోతాయి. గ్రబ్‌ను (లినక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రామును) రెండు డిస్కుల మీదా వేయండి. ఈఎఫ్ఐ పార్టిషన్‌ను (మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ బూట్ కోసం చదివే భాగాన్ని) మిర్రర్ చేయాలనుకుంటే 1.0 రకం మెటాడేటా వాడాలి, అది చివర్లో ఉంటుంది గనుక ఫర్మ్‌వేర్ ఆ పార్టిషన్‌ను మామూలుదిగానే చదవగలుగుతుంది. అర్రే వివరాలను ఎండీఆడ్మ్ కాన్ఫ్ ఫైలులో చేర్చి ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్‌ను (బూట్ మొదట్లో వాడే ఫైళ్ల కట్టను) మళ్లీ తయారుచేయండి. ఆ పని మరిచినవారికి మరుసటి బూట్‌లో ఎండీ0 బదులు ఎండీ127 కనబడి గుండె గుభేలుమంటుంది. డేటాకు ఏమీ కాదు గాని, ఆ కంగారులో కొందరు అసెంబుల్ (ఉన్న అర్రేను తెరవడం) అనవలసిన చోట క్రియేట్ అంటారు.

రెండు డిస్కులూ ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి తీసి పెట్టకండి. 2019 నవంబరులో సర్వర్లు తయారుచేసే హెచ్‌పీఈ సంస్థ తన ఎస్ఏఎస్ ఎస్ఎస్‌డీలలో (సర్వర్లలో వాడే చిప్ డిస్కుల్లో) కొన్ని మోడళ్లు పాత ఫర్మ్‌వేర్‌తో ఉంటే సరిగ్గా 32,768 గంటలు నడిచాక పనిచేయడం మానేస్తాయని ప్రకటించింది. ఒకే రోజు మొదలైన జత ఒకే గంటలో పోతుందన్నమాట.

డెస్క్‌టాప్ డిస్కులు వాడేవారికి మరొక చిక్కు ఉంది. అవి చెడిన సెక్టార్ తగిలితే దాన్ని చదవడానికి నిమిషం పైగా మొండిగా ప్రయత్నించవచ్చు. లినక్స్ మాత్రం మామూలుగా 30 సెకన్లు చూసి లింకును రీసెట్ చేస్తుంది, ఒక్క సెక్టార్ కోసం డిస్కు మొత్తం జతలోంచి బయటపడుతుంది. స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండుతో డిస్కుకు 7 సెకన్ల గడువు పెట్టండి. ఆ సదుపాయం లేని డిస్కు అయితే కెర్నెల్ గడువునే 180 సెకన్లకు పెంచండి. కరెంటు పోయి వస్తే డిస్కు మీది గడువు చెరిగిపోతుంది, రీబూట్‌తో కెర్నెల్ గడువు కూడా మళ్లీ 30కి వస్తుంది కాబట్టి ప్రతి బూట్‌లోనూ పెట్టేలా స్క్రిప్టు రాసుకోవాలి.

జత కుదిరిన తరువాత

కోల్డ్ స్టోరేజీ సర్వర్‌లో హెచ్చరికలు చేరేది రూట్ (నిర్వాహకుడి) వాడుకరి మెయిల్ పెట్టెకు. దసరా రోజుల నుంచి, రోజుకొకటి చొప్పున, జత చెదిరిందని హెచ్చరికలు అందులో పడే ఉంటాయి. సర్వర్ నుంచి బయటికి మెయిల్ పంపే ఏర్పాటు లేకపోవడంతో అవి అక్కడే ఆగిపోయి, చివరికి రెండో డిస్కుతోపాటే తుడుచుకుపోయాయి. కాన్ఫ్ ఫైలులో మెయిల్ చిరునామా రాసినంత మాత్రాన సరిపోదు. మానిటర్ కమాండును టెస్ట్ ఆప్షన్‌తో ఒకసారి నడిపి, ఆ మెయిల్ మీ ఫోనుకు చేరిందో లేదో కళ్లతో చూడండి. దానితోపాటు వారానికొకసారి జత స్థితి చూపే ఎండీస్టాట్ ఫైలు తెరిచి, బ్రాకెట్లలో రెండు యూలు ఉన్నాయా, ఒక యూ పక్కన అడ్డగీత ఉందా అని చూడడం ఎవరో ఒక మనిషికి పనిగా అప్పజెప్పండి.

డెబియన్ అనే రకం లినక్స్‌లో నెలలో మొదటి ఆదివారం తనంతట తానే జరిగే తనిఖీని సర్వర్ నెమ్మదించిందని ఆపేయకండి. ఆ తనిఖీలో తేడాలు బయటపడితే వెంటనే రిపేర్ అనకండి, ఎందుకంటే రెండు కాపీల్లో ఏది సరైనదో మిర్రర్‌కు తెలియదు, అది ఒకదాన్ని తీసుకుని రెండోదాని మీద రాస్తుంది. మళ్లీ అదే ప్రశ్న: ఏది చదువుతోంది, దేని మీద రాస్తోంది?

ఎండలు ముదిరి కరెంటు కోతలు మొదలుకాకముందే ఒకసారి రిహార్సల్ చేయండి. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన డిస్కు ఆపి మళ్లీ వేసినప్పుడే మొండికేస్తుంది, దాన్ని మే నెల అర్ధరాత్రి తెలుసుకోవడం కంటే మార్చి నెల ఆదివారం తెలుసుకోవడం మేలు. బ్యాకప్ తీసి, అది తెరుచుకుంటోందని చూసి, సర్వర్ ఆపి, ఒక డిస్కు కేబుల్ తీసి బూట్ చేయండి. తరువాత ఆ డిస్కును తిరిగి చేర్చి, సింక్ పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడే రెండోదాని వంతు. మధ్యలో సింక్ చేయకుండా ఒకసారి దీనితో, ఒకసారి దానితో బూట్ చేస్తే రెండు డిస్కులూ చెరో దారి పడతాయి, కోల్డ్ స్టోరేజీలో జరిగిందే మీ చేతుల మీదుగా జరుగుతుంది.

డిస్కు పోయిన రోజు

ముందు చేతులు కీబోర్డు మీద నుంచి తీయండి. మిర్రర్ పెట్టిందే ఈ ఒక్క రోజు కోసం, సగం జత మీద సర్వర్ నడుస్తూనే ఉంటుంది. 2017 జనవరి 31 రాత్రి ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రెండో డేటాబేస్ సర్వర్‌లో ఉన్నాననుకుని ప్రధాన సర్వర్‌లోనే డైరెక్టరీ చెరిపేశారు. పొరపాటు గ్రహించి ఆపేలోగా సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లే మిగిలాయి. అంతటి అనుభవం ఉన్నవారికే రాత్రి వేళ ఏది ఏదో తెలియలేదు.

ఆ రోజు పాటించవలసినవి ఇవి.

- బూట్ అయిన వెంటనే డేటా తేదీ చూడండి. చివరి బిల్లు నిన్నటిదేనా?

- డేటా పాతదిగా కనబడితే సర్వర్‌ను ఆపేయండి. ఏదీ చేర్చకండి.

- రెండు డిస్కుల మీదా ఎండీఆడ్మ్ ఎగ్జామిన్ కమాండు నడిపి, ఈవెంట్స్ సంఖ్యనూ (జతలో జరిగిన మార్పుల లెక్కనూ) చివరిసారి మార్పు జరిగిన సమయాన్నీ కాగితం మీద పక్కపక్కన రాయండి. సంఖ్య ఎక్కువ, తేదీ కొత్తది అయిన డిస్కే సాధారణంగా మూలం. దాని సీరియల్ చుట్టూ సున్న చుట్టండి.

- రెండు డిస్కులూ విడివిడిగా బూట్ అయి ఉంటే ఈ లెక్కను కూడా నమ్మకండి. ఒక్కొక్కదాన్ని రీడ్-ఓన్లీగా తెరిచి ఫైళ్లు చూడండి.

- ఎండీఆడ్మ్ ఏదైనా చేయనని మొరాయిస్తే, ఆ వాక్యం పూర్తిగా చదవండి. అది చెప్పిన కమాండును అక్కడికక్కడే టైపు చేయకండి.

- సూపర్‌బ్లాక్ చెరిపే కమాండు రాసే ముందు ఆ డిస్కు సీరియల్‌ను పక్కన ఉన్న మనిషితో పైకి చదివించండి. మనిషి లేకపోతే ఫోనులో ఎవరికైనా చదివి వినిపించండి.

- చనిపోయిన డిస్కు ఏదో తెలియకపోతే బతికిన డిస్కును చదివించండి. లైటు మినుకుమంటున్నదాన్ని ముట్టుకోకండి.

- ట్రేలు రెండూ ఒకేసారి బయటికి లాగకండి.

- తీసిన పాత డిస్కును ఆ రోజే ఫార్మాట్ చేయకండి, పారేయకండి. సీరియల్, తేదీ రాసి బీరువాలో పెట్టండి.

- సింక్ మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీయండి. నాలుగు టెరాబైట్ల డిస్కు సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నిండడానికి ఏడు గంటలకు పైగా పడుతుంది, ఆ సమయమంతా మీ డేటా ఒక్క డిస్కు మీదే ఉంటుంది.

- ఫోర్స్ అన్న మాట రాయవలసి వస్తే ఆగండి.

- క్రియేట్ అన్న మాట రాయవలసి వస్తే లేచి బయటికి వెళ్లి రండి.

- రాత్రి పదకొండు దాటితే డిస్కు మార్చకండి.

- కొత్త డిస్కు పెట్టాక దాని సీరియల్ కొత్త టేపు మీద రాసి అంటించండి. పాత టేపు పీకేయండి.

- గ్రబ్‌ను కొత్త డిస్కు మీద మళ్లీ వేయండి. జత కుదిరిన సంతోషంలో నూటికి తొంభైమంది మరిచేది ఇదే.

- ఏ సీరియల్ ఏ ట్రేలో ఉందో రాసిన పట్టికను ఆ సర్వర్‌లోనే ఫైలుగా దాచుకుని ఉంటే ఇప్పుడే ప్రింటు తీసి ర్యాక్ తలుపు లోపలివైపు అంటించండి.