అలారం మోగింది, ఎవరూ కదల్లేదు: హోటల్ ఫైర్ సేఫ్టీలో సమస్యలు, పరిష్కారాలు

హోటల్ ఇంజినీరింగ్‌లో పదిహేడేళ్ళుగా పనిచేస్తున్నాను, ఎక్కువ భాగం హైదరాబాద్‌లోనే. ఇన్నేళ్ళలో ఫైర్ పరికరం దానంతట అదే చెడిపోవడం తక్కువసార్లు చూశాను. పని సులువవుతుందనో, గెస్ట్ గొడవపడతాడనో ఎవరో ఒకరు ఆపేసినవే ఎక్కువ. అందుకే కింద ప్రతి సమస్య దగ్గరా అలా ఎవరు చేస్తారో, ఎందుకు చేస్తారో కూడా రాశాను. అది పట్టించుకోకుండా బాగుచేస్తే వారం తిరక్కుండానే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

సమస్య: అలారం మోగుతుంది, స్టాఫ్ తల కూడా తిప్పరు

ఒక మధ్యాహ్నం మూడో ఫ్లోర్‌లో హూటర్ మోగుతుంటే పరిగెత్తుకుంటూ పైకి వెళ్ళాను. రూమ్ బాయ్ తాపీగా దుప్పటి అంచు పరుపు కిందికి మడుస్తున్నాడు. "ఏంట్రా, వినిపించట్లేదా?" అన్నాను. "రోజూ మోగేదే కదా సార్" అన్నాడు. అబ్బాయి తప్పేం లేదు. ఆ వారంలో అది తొమ్మిదోసారి. తొమ్మిదిసార్లూ ఉత్తదే.

కారణం డిటెక్టర్‌లో ఉంది. గదుల్లో పెట్టేది ఎక్కువగా ఆప్టికల్ రకం. లోపలి చిన్న గదిలో ఒక కాంతి కిరణం ఉంటుంది. పొగ రేణువులకు ఆ వెలుగు తగిలి చెదిరితే అలారం కొడుతుంది. బాత్రూమ్ నుంచి వచ్చే వేడినీళ్ళ ఆవిరి, జిప్సమ్ సీలింగ్ కోసేటప్పుడు లేచే దుమ్ము, దోమల మందు పొగ, గెస్ట్ వెలిగించిన సాంబ్రాణి, దానికి అన్నీ ఒకటే.

ముందు ప్యానెల్ (డిటెక్టర్లన్నీ కలిసే అలారం కంట్రోల్ పెట్టె) నుంచి నెల రోజుల ఈవెంట్ లాగ్, అంటే ఏది ఎప్పుడు మోగిందో చూపే చిట్టా, ప్రింట్ తీయండి. ఏ డిటెక్టర్ ఎన్నిసార్లు కొట్టిందో పెన్నుతో గీతలు పెట్టండి. సగం గోలకు రెండు మూడు డిటెక్టర్లే కారణమని తేలుతుంది. బాత్రూమ్ తలుపు ఎదురుగా ఉన్నదాన్ని దూరం జరపండి. దుమ్ము పట్టినదాన్ని శుభ్రం చేయించండి. కిచెన్‌లో, లాండ్రీ ఇస్త్రీ గదిలో స్మోక్ డిటెక్టర్ ఉంటే తీసి హీట్ డిటెక్టర్ పెట్టండి. ఈ పని చెయ్యకుండా స్టాఫ్‌కి ఎన్ని క్లాసులు పీకినా దండగ.

తర్వాత ఒక పద్ధతి పెట్టుకోవాలి. మా దగ్గర అలారం రాగానే ప్యానెల్ దగ్గరున్న మనిషి ఎక్కడో చదివి వాకీటాకీలో చెబుతాడు. దగ్గర్లోని ఒకరు వెళ్ళి కళ్ళతో చూసి కబురు చేస్తారు. రెండు నిమిషాల్లో జవాబు రాకపోతే అది నిజమైన మంటే అనుకుని ఖాళీ చేయించడం మొదలుపెడతాం. "ఏమీ లేదులే" అనే హక్కు, వెళ్ళి చూసిన మనిషికి తప్ప ఇంకెవరికీ లేదు.

సమస్య: ప్యానెల్ మీద పసుపు లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది

పెళ్ళిళ్ళ సీజన్‌లో దీన్ని చూడని హోటల్ ఉండదేమో. సంగీత్‌కి ఫాగ్ మెషిన్, వధూవరుల ఎంట్రీకి కోల్డ్ పైరో అనే మెరుపుల చిచ్చుబుడ్లు. ఈవెంట్ వాళ్ళు వచ్చి "అన్నా, హాల్లో అలారం రాకుండా చూడు" అంటారు. షిఫ్ట్ ఇంజినీర్ ఆ జోన్‌ని, అంటే ఆ హాలు డిటెక్టర్లున్న భాగాన్ని, ఐసొలేట్ చేస్తాడు, అలారం రాకుండా ఆపేస్తాడు. ఫంక్షన్ అర్ధరాత్రి రెండింటికి అయిపోతుంది, పొద్దున ఏడింటికి ఆయన ఇంటికెళ్ళిపోతాడు. జోన్ మాత్రం అలాగే ఉంటుంది. తర్వాతి షిఫ్ట్ వాళ్ళు పసుపు లైటు చూసి "నిన్నటి నుంచీ ఉందిలే" అనుకుంటారు. ఒక హోటల్లో నేను చేరిన రోజు అలా పదకొండు రోజులుగా నిద్రపోతున్న బాంక్వెట్ జోన్ దొరికింది.

ప్యానెల్ పక్కనే ఒక రిజిస్టర్ కట్టండి: ఏ జోన్, ఎందుకు, ఎన్నింటికి ఆపారు, ఎన్నింటికి తిరిగి వేయాలి, ఎవరి సంతకం. ప్యానెల్ తాళం డ్యూటీ మేనేజర్ దగ్గరే ఉండాలి. జోన్ ఆపినంతసేపూ మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని ఒక మనిషి హాల్లోనే నిలబడాలి. షిఫ్ట్ మారేటప్పుడు దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఇద్దరూ కలిసి ప్యానెల్ చూశాకే సంతకం పెట్టాలి.

జోన్లన్నీ ఆన్‌లో ఉన్నా పసుపు పోకపోతే బ్యాటరీలు చూడండి. మెయిన్ కరెంటు తీసి ప్యానెల్ నిలుస్తుందో లేదో చూస్తే చాలు. పెయింటర్లు విప్పేసి మర్చిపోయిన డిటెక్టర్ హెడ్, డ్రిల్లింగ్‌లో దెబ్బతిన్న వైరు కూడా మామూలు కారణాలే.

సమస్య: మెట్ల దగ్గరి ఫైర్ డోర్ ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది

అన్నిటికంటే నాకు భయం దీనితోనే. మంట మనిషిని చేరేలోపే పొగ చేరుతుంది. మెట్ల దారి చిమ్నీలా పనిచేస్తుంది. కింద అంటుకున్నది ఏదైనా, తలుపు తెరిచి ఉంటే ఆ పొగంతా తిన్నగా పై అంతస్తులకు ఎక్కుతుంది.

2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో జరిగింది గుర్తుంది కదా. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన హోటల్. మంట కిందే మొదలైంది, పొగ పైకెక్కింది, 8 మంది పోయారు. అంతకు రెండేళ్ళ ముందు, 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున, విజయవాడలో కోవిడ్ కేర్ సెంటర్‌గా నడుస్తున్న హోటల్లో 10 మంది చనిపోయారు. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ కరోల్ బాగ్ హోటల్లో 17 మంది. మూడుచోట్లా మనుషులు పైన గదుల్లో ఉన్నారు, దిగే దారిలో పొగ ఉంది.

మరి తలుపు ఎందుకు తెరిచి పెడతారు? రూమ్ సర్వీస్ కుర్రాడి రెండు చేతుల్లో ట్రే ఉంటుంది, తలుపు బరువు. హౌస్ కీపింగ్ ట్రాలీ గంటకు నాలుగుసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. అందుకని ఒక చెక్కముక్క దూరుస్తారు, లేదా ఫైర్ సిలిండర్‌నే అడ్డం పెడతారు. అవును, సిలిండర్‌నే! ఆ చెక్కముక్క పీకి పారేసి తిట్టి వచ్చేస్తే సాయంత్రానికి ఇంకోటి వస్తుంది. ట్రాలీ తిరిగే తలుపులకు మాగ్నెటిక్ హోల్డర్ పెట్టించండి. మామూలప్పుడు తలుపును పట్టి ఉంచుతుంది, అలారం రాగానే వదిలేస్తుంది, తలుపు తనే మూసుకుంటుంది. మిగతా తలుపుల దగ్గర ట్రాలీని సర్వీస్ లిఫ్ట్ దారిలోకి మళ్ళించండి.

ఇంకో రకం ఉంది: ఎవరూ అడ్డం పెట్టరు, అయినా తలుపు సగంలోనే ఆగుతుంది. పూర్తిగా తెరిచి చెయ్యి వదిలేయండి. మూసుకుని "టక్" మని గడి పడాలి. పడకపోతే పైనున్న డోర్ క్లోజర్ (తలుపును మెల్లగా మూసే పరికరం) స్క్రూ సర్దండి. క్లోజర్ కింద నూనె జిడ్డు కనిపిస్తే సర్దడం వృథా, మార్చేయండి. నేను ఫ్లోర్ రౌండ్‌కి వెళ్ళినప్పుడల్లా ప్రతి తలుపునీ ఇలా వదిలి చూస్తాను. పక్కనున్నవాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

తలుపు దాటాక మెట్ల మలుపు కూడా చూడండి. ఎక్స్‌ట్రా బెడ్లు, విరిగిన కుర్చీలు, పాత పరుపులు అక్కడే చేరతాయి. స్టోర్‌లో చోటు లేదంటారు. ఫోమ్ పరుపు అంటుకుంటే వచ్చే నల్లపొగ రెండు మూడు గుక్కలు పీలిస్తే మనిషి పడిపోతాడు. చోటు లేకపోతే పారేయమనండి.

సమస్య: ఎమర్జెన్సీ ఎగ్జిట్‌కి తాళం

అడిగితే ఒకటే మాట: "చెవి సెక్యూరిటీ దగ్గరుంది సార్." పొగలో ఆ సెక్యూరిటీ ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు?

తాళం వెనక నిజమైన భయమే ఉంది. స్టాఫ్ పంచ్ కొట్టకుండా జారుకుంటారు, సరుకు బయటికెళ్తుంది, బిల్లు కట్టకుండా గెస్టు పోతాడు. కాబట్టి తాళం తీయించి ఊరుకోకుండా పానిక్ బార్ పెట్టించండి. లోపలి నుంచి నెడితే తెరుచుకుంటుంది, బయటి నుంచి తెరుచుకోదు, తెరిచినప్పుడు అక్కడే బజర్ మోగుతుంది. సెక్యూరిటీ మేనేజర్‌కీ నిద్ర పడుతుంది. కార్డుతో పనిచేసే మాగ్నెటిక్ లాక్ అయితే అలారం వచ్చినా, కరెంటు పోయినా దానంతట అదే వదలాలి. వదులుతుందని వెండర్ చెప్పాడు కదా అని వదిలేయకండి. కరెంటు తీసి చూడండి.

సమస్య: కడాయిలో మంట ఆర్పాం, మళ్ళీ అంటుకుంది

కిచెన్‌లో చేతికి దొరికే ఎర్ర సిలిండర్ ఎక్కువగా ఏబీసీ పౌడర్‌ది. మంటను అణుస్తుంది కానీ నూనెను చల్లార్చదు. నూనె అంత వేడిగా ఉన్నప్పుడు పౌడర్ ఆగిన మరుక్షణం మళ్ళీ భగ్గుమంటుంది. ఫ్రయ్యర్ల దగ్గర కె టైప్ సిలిండర్ ఉండాలి. అది నూనె మీద నురగ పొరలా కప్పుకుని వేడిని కూడా లాగుతుంది. చిన్న మూకుడైతే గ్యాస్ కట్టేసి మూత పెట్టడమే మందు. ఆరిందనిపించగానే మూత తీసి చూడకూడదు.

నీళ్ళు పొయ్యకూడదని అందరికీ తెలుసు. అయినా కంగారులో చెంబు ఎత్తుతారు. నీళ్ళు నూనె కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరవుతాయి. ఆవిరికి దాదాపు 1700 రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ తోపుకి మండే నూనె సీలింగ్ దాకా ఎగురుతుంది.

మంట పొయ్యి మీద పొగ లాగే హుడ్‌లోకి పాకిందంటే తప్పు ఆ రోజుది కాదు, నెలల తరబడి పేరుకున్న జిడ్డుది. ఫిల్టర్లు మెరుస్తుంటాయి, ఎందుకంటే కంటికి కనిపించేవి అవే. వెనకనున్న డక్ట్ (పొగ బయటికెళ్ళే గొట్టం) తలుపు విప్పించి వేలితో గీయండి. వేలికి పచ్చగా మందంగా అంటుకుంటే డక్ట్ క్లీనింగ్ ఆలస్యమైనట్టే. నైట్ షిఫ్ట్ కుక్‌ని పిలిచి "గ్యాస్ మెయిన్ వాల్వ్ ఎక్కడుంది, ఒకసారి కట్టి చూపించు బాబూ" అని అడగండి. చీకట్లోనూ వెళ్ళి కట్టగలగాలి.

సిలిండర్ల గురించి నాలుగు మాటలు

ప్రెజర్ చూపే ముల్లు పచ్చలో ఉన్నా పౌడర్ రాకపోతే లోపల గడ్డకట్టిందని అర్థం. నెలకోసారి దించి తలకిందులు చేసి కదిలించండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి ముల్లే ఉండదు, తూకమే ఆధారం. గ్యాస్ బరువులో పదో వంతుకు మించి తగ్గితే రీఫిల్‌కి పంపాలి. వాడేటప్పుడు దాని హారన్ పట్టుకుంటే చెయ్యి చలికి కాలుతుంది, హ్యాండిలే పట్టుకోండి.

సమస్య: జాకీ పంపు నిమిషానికోసారి ఆన్ అవుతోంది

ఫైర్ నీళ్ళ లైనులో ప్రెజర్ పడిపోకుండా నిలబెట్టే చిన్న పంపు ఇది. అది మాటిమాటికీ తిరుగుతోందంటే లైనులో ఎక్కడో లీకవుతోంది. షాఫ్ట్‌లో హైడ్రెంట్ వాల్వ్ చుక్కలు కారుతుండొచ్చు, పంపు దగ్గరి నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్ళు వెనక్కి రాకుండా ఆపేది) పట్టకపోవచ్చు, లేదా ఎవరో మంటలార్పే హోస్ రీల్ పైపుతో సెల్లార్ కడుగుతుండొచ్చు! ముందు ఆ మూడోదే వెళ్ళి చూడండి. ఈ గోల పడలేక పంపు సెలెక్టర్‌ని ఆఫ్‌లో పెట్టేవాళ్ళున్నారు. లీక్ దొరికే దాకా గోల భరించాల్సిందే, సెలెక్టర్ ఆటోలోనే ఉండాలి. డీజిల్ పంపు వారానికోసారి తిప్పకపోతే అవసరానికి బ్యాటరీ చేతులెత్తేస్తుంది.

సమస్య: రాత్రిపూట లాండ్రీలో మాడు వాసన, ఎవరూ ఏదీ వెలిగించలేదు

స్పా టవల్స్ అయ్యుంటాయి. మసాజ్ నూనె ఉతికినా పూర్తిగా పోదు. డ్రయ్యర్ నుంచి వేడివేడిగా తీసి కుప్పపోస్తే ఆ నూనె లోలోపల వేడెక్కి తనంతట తనే రాజుకుంటుంది. వాటిని విడిగా ఉతకండి, చల్లారాకే మడత పెట్టండి.

సమస్య: డ్రిల్‌లో లెక్క తేలదు

ఫైర్ డ్రిల్ అంటే మంట వచ్చినట్టు అనుకుని హోటల్ ఖాళీ చేసే రిహార్సల్. ఖాళీ చేయడం ఆరు నిమిషాల్లో అయిపోతుంది. ఆపైన అరగంట "వాడేడీ, వీడేడీ" అనే వెతుకులాట. హెచ్ఆర్ లిస్టులో ఆ రోజు సెలవు పెట్టినవాళ్ళుంటారు, డెకరేషన్ వాళ్ళు, ఏసీ కాంట్రాక్టర్ మనుషులు ఉండరు. స్టాఫ్ గేట్ దగ్గర ఒకటే రిజిస్టర్ పెట్టి లోపలికి వచ్చే ప్రతి ఒక్కరితో రాయించండి, అలారం రోజు గార్డు దాన్నే చంకలో పెట్టుకుని బయటికి రావాలి. ఫ్రంట్ ఆఫీస్ ప్రతి షిఫ్ట్‌లో గెస్ట్ లిస్ట్ ప్రింట్ తీసి ఉంచాలి, సర్వర్ మీద నమ్మకం వద్దు. నడవలేని గెస్టులు ఏ గదిలో ఉన్నారో ఆ లిస్టులోనే మార్క్ చేయాలి, వాళ్ళను దింపడానికి ఇద్దరి పేర్లు ముందే రాసుండాలి.

అసెంబ్లీ పాయింట్ (బయటికొచ్చినవాళ్ళంతా చేరే చోటు) పోర్టికో ముందు పెట్టకండి. ఫైరింజన్ వచ్చేది అక్కడికే. అనౌన్స్‌మెంట్ ఇంగ్లీషులో మాత్రమే ఉంటే మార్చండి, తెలుగూ హిందీ తప్పనిసరి. 101కి ఫోన్ చేసే బాధ్యత ఒక్క మనిషి పేరు మీద ఉండాలి, అందరిదీ అయితే ఎవరూ చెయ్యరు.

మా చివరి డ్రిల్‌లో ఒక్క తల తక్కువొచ్చింది. కిచెన్ వాళ్ళు అరిచారు, ఫోన్ చేశారు, ఎత్తలేదు. ఇరవై నిమిషాల తర్వాత అబ్బాయి కోల్డ్ రూమ్‌లోంచి చికెన్ ట్రే పట్టుకుని బయటికొచ్చి, ఖాళీ కిచెన్ చూసి బిత్తరపోయాడట. ఆ మందం తలుపు వెనక హూటర్ వినపడదు, ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. ఆ వారంలోనే కోల్డ్ రూమ్ లోపల, జనరేటర్ గదిలో, లాండ్రీలో అలారంతో పాటు వెలిగి ఆరే ఎర్ర ఫ్లాషర్లు పెట్టించాం.