స్లైడ్ ఫిల్మ్‌లో చర్మం రంగు సహజంగా రావాలంటే

స్లైడ్ ఫిల్మ్ (కడిగితే నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ కనిపించే ఫిల్మ్) మీద నేను ఎక్కువగా తీసేది మనుషుల ముఖాలనే. రంగు తేడా వస్తే కంప్యూటర్‌లో చూసుకోవచ్చులే అనుకుంటే స్లైడ్ దగ్గర కుదరదు. రంగులు తలకిందులుగా పడే నెగటివ్ ఫిల్మ్‌కి ఉన్నంత వెసులుబాటు దీనికి లేదు. వెలుగు ఒకటి రెండు స్టాపులు (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం కావడం) ఎక్కువైతే చాలు, నుదుటి మీద మెరుపున్న చోట ఫిల్మ్ ఖాళీ అయిపోతుంది. అక్కడ లేని రంగును ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు.

ముఖాలకి ఫుజీ ప్రోవియా 100ఎఫ్ గానీ, కొడాక్ ఎక్టాక్రోమ్ ఇ100 గానీ వాడతాను. వెల్వియా 50 కొండలకీ పూలకీ అద్భుతం, బుగ్గల్ని మాత్రం కందిపోయినట్టు చూపిస్తుంది. ముఖాలకి మెత్తగా ఉండే ఆస్టియా తయారీ ఆగిపోవడం ఇప్పటికీ నాకు లోటే.

ఈ ఫిల్ములన్నీ పగటి వెలుగుకి, అంటే వెలుగు రంగుని కొలిచే కెల్విన్ లెక్కలో సుమారు 5500కి తయారైనవి. ఎండ తగలని నీడలో ముఖం మీద పడేది నీలాకాశం వెలుగు కాబట్టి చర్మం నీలంగా వస్తుంది. అప్పుడు వెలుగుని వెచ్చబరిచే 81ఎ, ఇంకా ముదురు నీడైతే 81బి ఫిల్టర్ పెడతాను. చెట్టు కింద, పచ్చిక మీద సంగతి వేరు. గడ్డం కింద మాత్రమే ఆకుపచ్చ ఛాయ పడుతుంది, ముఖంలో మిగతా భాగం బాగానే ఉంటుంది. దీన్ని ఏ ఫిల్టరూ సరిచేయదు, మనిషిని నాలుగడుగులు పక్కకి జరపాల్సిందే.

మీటరింగ్‌కి, అంటే వెలుగు కొలవడానికి, ముఖం మీద పడే వెలుగుని కొలిచే, చేతిలో పట్టుకునే ఇన్సిడెంట్ మీటర్ ఉంటే దాన్ని గడ్డం దగ్గర కెమెరా వైపు తిప్పి చదవండి. లేకపోతే అదే వెలుగులో మీ అరచేతిని కెమెరా మీటర్‌తో చదివి, ఒక స్టాప్ ఎక్కువ వెలుగు ఇవ్వండి. మనిషి ఏ ఛాయలో ఉన్నా అరచేతులకి అంత తేడా ఉండదు. రంగులు చిక్కగా రావాలని మూడో వంతు స్టాప్ తగ్గించే అలవాటు చాలామందికి ఉంది. చామనచాయ, నలుపు ముఖాలకి దయచేసి ఆ పని చేయకండి. కళ్ల చుట్టూ వివరమంతా నీడలో కలిసిపోతుంది.

స్లైడ్‌ని ఫొటో తీసి డిజిటైజ్ చేసేటప్పుడు కెమెరా, బాగా దగ్గరగా తీసే మాక్రో లెన్స్, సీఆర్ఐ (వెలుగు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95కి పైగా ఉన్న లైట్ ప్యానెల్ చాలు. వైట్ బ్యాలెన్స్ (తెలుపు ఏదో కెమెరాకి చెప్పే సెట్టింగ్) మాత్రం స్లైడ్ తీసేసి, ఖాళీ ప్యానెల్ మీద సెట్ చేసుకోండి. ఆటోలో వదిలేస్తే సాయంత్రపు ఎండలో తీసిన ముఖంలోని వెచ్చదనాన్ని కెమెరా తప్పుగా లెక్కేసి తుడిచేస్తుంది. స్లైడ్ చుట్టూ వెలుగు రాకుండా నల్ల కాగితం అడ్డం పెట్టి, గదిలో లైట్లు ఆర్పి, రా (RAW, కెమెరా మార్పులు చేయని ముడి) ఫైల్‌గా తీయండి. కొడాక్ వారి పాత కోడాక్రోమ్ స్లైడ్లని స్కానర్‌లో పెడితే దుమ్ము తొలగించే ఇన్‌ఫ్రారెడ్ ఆప్షన్ ఆపేయడం మంచిది.

సరిదిద్దేటప్పుడు కంటిని ఒక్కదాన్నే నమ్మను. కాసేపు చూస్తే కన్ను ఏ రంగుకైనా అలవాటు పడిపోతుంది. బుగ్గ మీద మెరుపూ నీడా లేని చోట ఐడ్రాపర్ (ఒక చోటి రంగుని అంకెల్లో చూపే సాధనం) పెట్టి అంకెలు చూస్తాను. మామూలు వెలుగులో తీసిన చర్మంలో ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ మధ్యలో, నీలం అన్నిటికంటే తక్కువ ఉండాలి. నీలం ఆకుపచ్చని దాటిందంటే ముఖం మెజెంటాలోకి (ఊదా గులాబి రంగులోకి) జారినట్టే. ప్రింటింగ్ సిరాల లెక్క అయిన సీఎంవైకేలో చూస్తే పసుపు మెజెంటా కంటే కాస్త ఎక్కువగా, సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) ఆ రెండిటికంటే బాగా తక్కువగా ఉంటుంది. చర్మం ముదురయ్యేకొద్దీ సయాన్ పెరుగుతుంది. రంగుల్ని గుండ్రటి పటం మీద చూపే వీడియో వాళ్ల వెక్టర్‌స్కోప్‌లో చూడండి, తెల్లవాళ్లయినా నల్లవాళ్లయినా చర్మం దాదాపు ఒకే గీత మీద పడుతుంది. మనుషుల మధ్య మారేది ఎక్కువగా వెలుగు మోతాదే.

నీడలు మాత్రమే నీలంగా ఉంటే మొత్తం ఫొటోని పసుపు వైపు లాగకండి. బ్లూ ఛానెల్ కర్వ్‌లో (నీడల నుంచి మెరుపుల దాకా వెలుగుని మార్చే గీతలో) కింది భాగాన్ని, అంటే నీడల్ని, కొద్దిగా దించి, పై భాగాన్ని కదలకుండా కట్టేయండి. కాంట్రాస్ట్ పెంచే కర్వ్‌ని లూమినాసిటీ (వెలుగుని మాత్రమే మార్చే) మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో అయితే రంగు కూడా చిక్కబడి, బాగున్న ముఖం ఎర్రబడుతుంది. చివరగా స్లైడ్‌ని లైట్‌బాక్స్ మీద పెట్టి, క్యాలిబ్రేట్ చేసిన, అంటే రంగులు సరిచూసిన స్క్రీన్ పక్కన పోల్చి చూసుకోండి.