స్పెషల్ ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ: ముందు గైడ్‌ని పట్టుకోండి

గుంటూరులో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పిల్లలతో పనిచేస్తూనే నేను పీహెచ్‌డీకి సిద్ధమయ్యాను. పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు. యూజీసీ నెట్ ఎడ్యుకేషన్ పేపర్ రాయండి. జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) రాకపోయినా ఆ స్కోరుకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇస్తారు. స్కోరు ఏడాదే చెల్లుతుంది, దాచుకుని కూర్చోకండి.

అసలు టెన్షన్ టాపిక్‌తోనే. "దివ్యాంగ బాలల విద్య" అని రాసుకెళ్తే ఒక మాస్టారు నవ్వి, "2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయమ్మా, నీది ఏది?" అన్నారు. సిగ్గేసింది. ఆ రాత్రే కుదించాను: మూడు నుంచి ఐదో తరగతి వరకు, తెలుగు ఒత్తులు చదవడంలో డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది పెట్టే అభ్యసన వైకల్యం) ఉన్న పిల్లల తప్పులు. మీరూ మీ తరగతి గదిలో రోజూ చూసే ఇబ్బందినే ఎంచుకోండి. అలాంటి టాపిక్ మీద పనిచేసిన గైడ్, అంటే పరిశోధనను పర్యవేక్షించే ప్రొఫెసర్, ఉన్నారో లేదో, నాగార్జున యూనివర్సిటీ అయినా మరొకటైనా, దరఖాస్తుకు ముందే కనుక్కోండి.

పీహెచ్‌డీ గడువు కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరు. ఆడవాళ్లకు మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. స్పెషల్ టీచర్లకు ఉండే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ రెన్యువల్ మాత్రం మరిచిపోవద్దు. పరిశోధనలో పాల్గొనే పిల్లల తల్లిదండ్రుల అనుమతి పత్రం తెలుగులోనే రాయండి, మా వాళ్లు ఇంగ్లిష్ కాగితం చూస్తే సంతకం పెట్టరు.