మీ వీధిలో పెద్ద అపార్ట్‌మెంట్ లేస్తోందా? అభ్యంతరం ఇలా రాయండి

ఒడిశాలోని మన బరంపురంలో ఖాళీ స్థలం చుట్టూ రేకులు కట్టి, రెండొందల ఫ్లాట్ల బొమ్మతో బోర్డు పెట్టారంటే చాలు, వీధంతా టెన్షన్. వెంటనే ఎవరో ఒకరు "మాకొద్దు, ఆపండి" అని కాగితం రాసి సంతకాలకి బయల్దేరతారు. కాస్త ఆగండి. మా మేడ మీదకి చూస్తారు, ప్రశాంతత పోతుంది అన్నవి నిజమైన బాధలే గానీ రూల్స్‌లో వాటికి చోటు తక్కువ. కొత్తవాళ్లు వస్తారన్న మాటైతే అసలు రాయొద్దు, ఆ వచ్చేవాళ్లలో మన చుట్టాలే ఉంటారు. రోడ్డు, నీళ్లు, మురుగు, ఫైరింజను, ఈ నాలుగూ పట్టుకోండి.

ముందు ప్లాన్ సంపాదించాలి. 500 చదరపు మీటర్ల స్థలం, ఎనిమిది ఫ్లాట్లు మించిన ప్రాజెక్టు ఏదైనా అమ్మకానికి పెట్టే ముందు రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో రిజిస్టర్ కావాలి, కాబట్టి ఒడిశా రెరా వెబ్‌సైట్లో పేరు కొట్టి చూడండి. ప్లాట్ నంబరు దొరికితే ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో దాని కిసమ్ (భూమి రకం) ఏమని ఉందో చూడండి, జలాశయమనో గోచరమనో (పశువుల మేత భూమి) ఉంటే కథ వేరు. 1936 దాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం కదా, ఇంట్లో తాతలనాటి తెలుగు దస్తావేజులుంటే ట్రంకు పెట్టె తెరవండి. హద్దుల్లో "తూర్పున చెరువు గట్టు" అని ఒక్క ముక్క ఉన్నా పనికొస్తుంది.

వెబ్‌సైట్లో దొరకనిది బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీని ఆర్టీఐ కింద అడగండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు ఒడియాలోగానీ ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ ఉండాలి, తెలుగులో రాస్తే చెల్లదు. ఒడియా బడిలో చదివిన మన పిల్లల చేత రాయించండి.

ఇప్పుడు రోడ్డు. ఒడిశా 2020 బిల్డింగ్ రూల్స్‌లో ఎంత కట్టొచ్చన్నది ముందున్న రోడ్డు వెడల్పుని బట్టి ఉంటుంది, అసలు కిటుకంతా ఇక్కడే. పొద్దున్నే బళ్లు రోడ్డెక్కకముందు ఇద్దరు టేపు పట్టుకుని వెళ్లండి, మెయిన్ రోడ్డు దగ్గర్నుంచి సైటు దాకా నాలుగైదు చోట్ల కొలవండి. కరెంటు స్తంభం, కాలువ పలక, ముందుకొచ్చిన అరుగు ఉన్నచోట ఎంత మిగిలిందో విడిగా రాసి, టేపు మీద అంకె కనిపించేలా ఫోటో తీయండి. ప్లాన్‌లో చూపించిన వెడల్పు పక్కన ఈ అంకెలు పెడితే ఎవరైనా చదువుతారు. మన ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రోజుల్లో పందిరి వేసినప్పుడు ఫైరింజను ఎటునుంచి వస్తుందని కూడా అడగండి, తమాషాకి కాదు.

నీళ్ల లెక్క తేలికే. మనిషికి రోజుకి 135 లీటర్లు, ఫ్లాటుకి ఐదుగురు అనుకుంటే రెండొందల ఫ్లాట్లకి 1,35,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 27. బోరు వేస్తారా, కార్పొరేషన్ నీళ్లా అన్నది రాతపూర్వకంగా అడగండి. ఇందులో సుమారు 80 శాతం మురుగై బయటికొస్తుంది. మీ వీధి కాలువ ఇప్పటికే వానకి పొంగుతుంటే, నీళ్లు ఇంటి మెట్టెక్కిన ఫోటో తేదీతో సహా జతచేయండి.

మొత్తం కట్టడం 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు రెండు లక్షల పదిహేను వేల చదరపు అడుగులు దాటితే పర్యావరణ అనుమతి కావాలి. ప్రజాభిప్రాయ సేకరణ పెడతారులే, అప్పుడు చూద్దాం అని కూర్చోకండి, ఇళ్ల ప్రాజెక్టులకి అది ఉండదు. పర్యావరణ అనుమతుల వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో ఫైలు కనిపించినప్పుడే అభ్యంతరం పంపాలి. అనుమతి వచ్చేశాక అప్పీలుకి కోల్‌కతాలోని గ్రీన్ ట్రిబ్యునల్ బెంచి దాకా వెళ్లాలి, గడువు 30 రోజులు.

అర్జీ రెండు పేజీలు దాటనివ్వకండి. ఒక్కో అభ్యంతరం కింద ఒక్కో కోరిక: ఫలానా రోడ్డు కొలవండి, అంతస్తులు తగ్గించండి, కాలువ వేశాకే కట్టనివ్వండి. సంతకాలు మన తెలుగువాళ్లవే కాకుండా ఒడియా ఇరుగుపొరుగువీ ఉండాలి, లేకపోతే ఇది ఒక వాడ గొడవలా కనిపిస్తుంది. రిసీవ్డ్ స్టాంపు వేయించుకోకుండా ఆఫీసు గడప దాటొద్దు.

ఇంకోటి, సెల్లార్ తవ్వకం మొదలయ్యేలోపు మీ గోడలన్నీ వీడియో తీసుకోండి. తర్వాత బీట పడితే "అది పాతదే" అంటారు.